అడిగినందుకు చెప్పాడు

మా మామయ్య విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. నేను హైదరాబాదు కృష్ణానగర్‌లో ఉంటూ సినిమాలకీ సీరియళ్లకీ డబ్బింగ్ చెబుతాను. మొన్న సంక్రాంతికి ఊరెళితే పిల్లలు టీవీలో 'అప్' పెట్టుకుని కూర్చున్నారు. భార్య పోయిన ముసలాయన ఇంటికి బుడగలు కట్టి ఆకాశంలోకి లేచిపోయే కథ. ఇంగ్లీషులో ఆ గొంతు ఎవరిదే అని మామయ్య అడిగాడు. ఎడ్ ఆస్నర్‌ది అన్నాను. "ఆయనా! నోరు జారి బంగారం లాంటి సీరియల్ పోగొట్టుకున్నాడు కదూ" అన్నాడు. నాకు కోపం ఆగలేదు. ఆ కోపానికి నా కారణాలు నాకున్నాయి. అప్పుడు మొదలైన మాట కనుమ రాత్రి దాకా సాగింది. గుర్తున్నంత మేరకు రాస్తున్నాను.

మామయ్య: ఆయన్ని నేనేం తక్కువ చెయ్యలేదే. రిటైరయ్యాక యూట్యూబులో వెతుక్కుని మరీ 'లూ గ్రాంట్' చూశాను. లాస్ ఏంజిలెస్‌లో ఒక పత్రికకి సిటీ ఎడిటర్. చొక్కా చేతులు పైకి మడిచి, టై వదులు చేసి, కాపీ చదువుతూ మొహం చిట్లిస్తాడు. మా న్యూస్ ఎడిటర్ లేచొచ్చినట్టుంటుంది. అక్కడ నటుడు కనబడడు, ఎడిటరే కనబడతాడు. క్యారెక్టర్ ఆర్టిస్టుకి అదే ఆస్తి. హీరోని జనం హీరోగా చూడ్డానికే వస్తారు. క్యారెక్టర్ ఆర్టిస్టుని మాత్రం మరిచిపోవాలి. అలాంటివాడు మైకు ముందుకొచ్చి రాజకీయం మాట్లాడాక, ఎడిటర్ కుర్చీలో ఎవరు కనబడతారు? ఆస్నరే కనబడతాడు. తన పనిముట్టు తనే విరగ్గొట్టుకున్నాడు.

నేను: ఆ పనిముట్టు ఎక్కడ తయారైందో చూడు మామయ్యా. 1929లో కాన్సస్ సిటీలో పుట్టాడు. యూదుల ఇల్లు, నాన్నది పాత సామాన్ల వ్యాపారం. హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడాడు. షికాగో యూనివర్సిటీలో చేరి, నాటకాల్లో పడి, చదువు మధ్యలో వదిలేశాడు. కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద నిలబడ్డాడు. సైన్యంలోకి పిలిస్తే వెళ్లి, అక్కడా నాటకాలే వేశాడు. తర్వాత న్యూయార్కు, ఆ తర్వాత 1961లో లాస్ ఏంజిలెస్. మొరటు మొహం, బట్టతల, బండ శరీరం. ఎల్విస్ సినిమాలో ఒక వేషం, జాన్ వేన్ 'ఎల్ డొరాడో'లో విలన్ వేషం. 'మేరీ టైలర్ మూర్ షో'లో లూ గ్రాంట్ పాత్ర దొరికేసరికి 1970, ఆయనకి నలభై ఏళ్లు. అంతకాలం పనికోసం తిరిగిన మనిషికి తోటివాళ్ల పని గురించి మాట్లాడే హక్కు లేదంటావా?

మామయ్య: తోటివాళ్ల గురించి మాట్లాడమనే అంటాను. 1980 సమ్మెలో ముందు నిలబడ్డాడు, దానికి నేను దండం పెడతాను. వీడియో క్యాసెట్లు, పే టీవీ అప్పుడే వస్తున్నాయి. వాటి మీద వచ్చే డబ్బులో మాకు వాటా ఏదని నటులు అడిగారు. అది యూనియన్ పని. 1981 చివర్లో స్క్రీన్ యాక్టర్స్ గిల్డుకి అధ్యక్షుడయ్యాడు, బాగుంది. ఆ తర్వాత మూడు నెలలు తిరక్కుండానే అంతర్యుద్ధంలో ఉన్న ఎల్ సాల్వడార్ దేశం గొడవ నెత్తికెత్తుకున్నాడు. గిల్డులో దాదాపు 50,000 మంది. అందులో దేశాధ్యక్షుడు రీగన్‌కి ఓటేసినవాళ్లున్నారు, వెయ్యనివాళ్లున్నారు. ఆయన నోరు విప్పితే ఆ అందరి పేరూ బయటికొస్తుంది. నటుడు ఛార్ల్‌టన్ హెస్టన్ అడిగింది అదేగా?

నేను: హెస్టన్ కూడా అంతకుముందు గిల్డు అధ్యక్షుడే. 1963లో వాషింగ్టన్‌లో నల్లజాతివాళ్ల హక్కుల కోసం జరిగిన పెద్ద ప్రదర్శనలో నడిచాడు. అధ్యక్షుడయ్యాక రాజకీయం మానేశాడా ఏమన్నా?

మామయ్య: హెస్టన్ సంగతి వదిలెయ్. ఆస్నర్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు, నేను గిల్డు తరఫున కాదు, నా తరఫున మాట్లాడానని. ఆ వివరణ ముందే ఇచ్చుంటే సరిపోయేదిగా.

నేను: సరే, ఆ ఒక్కటీ నీదే. కానీ ఆ రోజు ఏం జరిగిందో ఒకసారి పూర్తిగా చెప్పుకుందాం. 1982 ఫిబ్రవరి 15. వాషింగ్టన్‌లో విదేశాంగ శాఖ భవనం ముందు ఇంకొందరు నటులతో కలిసి నిలబడ్డాడు. ఎల్ సాల్వడార్‌లో గాయపడ్డవాళ్లకి మందుల కోసం 25,000 డాలర్ల చెక్కు. ఒక విలేకరి అడిగాడు: అక్కడ స్వేచ్ఛగా ఎన్నికలు జరిగి కమ్యూనిస్టులే గెలిస్తే నీకు సమ్మతమేనా అని. అక్కడి జనం ఎంచుకున్నది అదే ప్రభుత్వమైతే అదే ఉండనివ్వండి అన్నాడు. ఆ మాటలో తప్పేముంది? ఓటుని నమ్మేవాడు ఎవడైనా ఇంకేం చెబుతాడు?

మామయ్య: తప్పు మాటలో లేదమ్మా, ఆ ప్రశ్నలో ఉంది. నేను ముప్ఫై నాలుగేళ్లు విలేకరుల కాపీలు దిద్దాను. అలాంటి ప్రశ్న జవాబు కోసం అడగరు, రేపటి హెడ్డింగు కోసం అడుగుతారు. తెలివైనవాడైతే "మేమిక్కడికి మందుల కోసం వచ్చాం" అని పక్కకి తప్పుకునేవాడు. ఆయన ఆడిన పాత్ర సిటీ ఎడిటర్ కదా, ఆ మాత్రం తెలియదా?

నేను: తెలిసే చెప్పాడు. నాకు ఆయన మీద ఇష్టం అందుకే.

మామయ్య: ఇష్టం నీది. నష్టం ఎవరిదో చూడు. కింబర్లీ-క్లార్క్ ప్రకటనలు ఆపేసింది. విడాల్ సాసూన్ కూడా ఆపేసింది. బెదిరింపులొస్తే ఇంటికి కాపలా పెట్టుకోవాల్సొచ్చింది. మే నెలలో సీబీఎస్ వాళ్లు సీరియల్ ఆపేస్తున్నామన్నారు. ఐదు సీజన్లు, 114 ఎపిసోడ్లు, అంతటితో సరి. రేటింగులు పడిపోయాయి అన్నారు. మొదట్లో ఉన్నంత లేవన్న మాట నిజం కూడా. ఏదైతేనేం, ఒక సీరియల్ ఆగితే పోయేది హీరో ఒక్కడి పనా? లైట్‌మెన్, మేకప్, కాస్ట్యూమ్స్, రచయితలు, ఎడిటింగ్ వాళ్లు... వాళ్లెవరినైనా విలేకరి ఆ ప్రశ్న అడిగాడా? ఆయన జవాబుకి వాళ్లెందుకు కట్టాలి?

ఇక్కడ కాసేపు నేను మాట్లాడలేకపోయాను. ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఒకడి ధైర్యానికి పక్కవాడి ఇంట్లో పొయ్యి ఆరిపోవడం నేను కళ్లారా చూశాను.

నేను: కట్టించింది ఆయన కాదు మామయ్యా. కింబర్లీ-క్లార్క్‌కి ఎల్ సాల్వడార్‌లోనే ఫ్యాక్టరీ ఉంది. ప్రకటనలు ఆపింది వాళ్లు, సీరియల్ ఆపింది సీబీఎస్. కారణం రేటింగులు కాదని ఆస్నర్ చివరిదాకా నమ్మాడు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లని వదిలేసి, నోరు విప్పినవాణ్ణి లైట్‌మెన్ జీతం అడుగుతున్నావు. మా దగ్గరా సరిగ్గా ఇలాగే అడుగుతారు.

మామయ్య: మీ దగ్గరంటే?

నేను: తర్వాత చెబుతాలే. ముందు ఇది చెప్పు. అప్పుడు నువ్వు డెస్కులోనే ఉన్నావుగా. ఎల్ సాల్వడార్ వార్తలు మీకు వచ్చేవా?

మామయ్య: రాకేం? టెలిప్రింటర్ మీద రోజూ వచ్చేవి. ఆర్చ్‌బిషప్ రొమేరోని 1980 మార్చిలో, పూజ చేయిస్తుండగా కాల్చి చంపారు. అది బాగానే వేశాం. ఆ డిసెంబరులో నలుగురు అమెరికన్ క్రైస్తవ సేవికల్ని చంపారు, అదీ వేశాం. ఆ తర్వాత రోజూ అంతమంది పోయారు, ఇంతమంది పోయారు అని వస్తుంటే... పేజీలో ఖాళీని బట్టి వేసేవాళ్లం.

నేను: ఎల్ మొసోతే?

మామయ్య కొంతసేపు కిటికీ వైపు చూశాడు. ఆ ఊరి పేరు ఆయనకి తెలుసని నాకు అప్పుడే అర్థమైంది.

మామయ్య: జనవరి చివర్లో వచ్చింది. అమెరికాలో రెండు పెద్ద పత్రికలు ఒకే రోజు వేశాయి, డిసెంబరులో సైన్యం ఆ ఊరి మీద పడి వందలమందిని చంపిందని. ఆ రాత్రి ఏజెన్సీ కాపీ నా బల్ల మీదే ఉంది. అనువాదం కూడా మొదలుపెట్టాను. విదేశీ పేజీకి ప్రకటన వచ్చిందని చోటు తగ్గించారు. రేపు చూద్దాంలే అని మేకుకి గుచ్చాను. ఆ రేపు రాలేదు. ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం, అక్కడ ఊచకోత జరిగిందనడానికి ఆధారాల్లేవంది. పోన్లే, వెయ్యకపోవడమే మంచిదయిందనుకున్నాను. ఇక మార్చి 29న హైదరాబాదులో రామారావు గారు పార్టీ పెట్టారు. ఆ తర్వాత ఏడాది పాటు మా పేజీల్లో పరాయి దేశానికి చోటెక్కడిది?

నేను: ప్రభుత్వం ఆ మాట చెప్పింది ఫిబ్రవరి మొదట్లో. ఆస్నర్ అదే విదేశాంగ శాఖ గుమ్మం ముందు నిలబడింది ఆ తర్వాత రెండు వారాలు తిరక్కుండానే. 1992లో ఆ ఊళ్లో తవ్వితే ఒక్క చిన్న కట్టడం కిందే 143 మంది ఎముకలు దొరికాయి, అత్యధికం చిన్నపిల్లలవి. పన్నెండేళ్ల యుద్ధంలో 75,000 మంది పోయారు. ఐక్యరాజ్యసమితి కమిషన్ 1993లో తన దగ్గరికొచ్చిన ఫిర్యాదులు లెక్కగడితే, వందకి ఎనభై ఐదు ప్రభుత్వ బలగాల మీద, వాళ్ల తాలూకు ముఠాల మీద తేలాయి. ఆ బలగాలకి డబ్బూ ఆయుధాలూ ఎవరిచ్చారు? ఆస్నర్ కట్టిన పన్నులోంచే వెళ్లాయి. ఆయన పరాయి దేశం గురించి మాట్లాడలేదు మామయ్యా, తన డబ్బు గురించి మాట్లాడాడు.

మామయ్య: నేను చేసింది నోరు మూసుకోవడం కాదు. చోటు లేక ఆపడం వేరు.

నేను: నిన్ను అనట్లేదు.

మామయ్య: అన్నా ఫర్వాలేదు. ఆ మేకు మీది కాగితం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

కొంతసేపు ఇద్దరం ఊరుకున్నాం. అత్తయ్య అరిసెలు తెచ్చిపెట్టి, మా మొహాలు చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది.

నేను: క్యారెక్టర్ ఆర్టిస్టు కనబడకూడదన్నావు కదా. 'రూట్స్' గుర్తుందా? 1977లో టీవీలో ఎనిమిది రాత్రులు వరసగా వేశారు. ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చే ఓడకి కెప్టెన్ డేవిస్‌గా వేశాడు ఆస్నర్. దైవభక్తుడు. ఆ సరుకు ఏమిటో తెలిసే ఓడెక్కుతాడు. మొదట ఇబ్బంది పడతాడు. కింద గొలుసుల్లో మనుషులు చచ్చిపోతుంటే లెక్క రాసుకుంటాడు. చివరికి తన గదిలోకి ఒక పిల్లని తోస్తే కాదనలేకపోతాడు. గట్టిగా ఒక్క చెడ్డ మాట అనడు ఆ మనిషి. ఆస్నర్ అదంతా కళ్లతో చేశాడు. తప్పని తెలిసి ఊరుకునేవాడు రోజురోజుకీ ఎలా కుంగుతాడో ఆ కళ్లలో ఉంది. దానికి ఎమ్మీ ఇచ్చారు. ఆ వేషం వేసిన మనిషిని ఐదేళ్ల తర్వాత సూటిగా ఒక ప్రశ్న అడిగితే, "మేం మందుల కోసం వచ్చాం" అని ఎలా తప్పుకుంటాడు?

మామయ్య: వేషానికీ మనిషికీ ముడిపెట్టకు. 'జేఎఫ్‌కే' సినిమాలో గై బానిస్టర్ కూడా వేశాడు, ఆయన రాజకీయానికి పూర్తిగా ఎదురు గట్టు మనిషి. అదీ అంతే బాగా చేశాడు.

నేను: నువ్వే చెప్పావు చూశావా! అది 1991. ఆయన రాజకీయం లోకమంతటికీ తెలిసిన తొమ్మిదేళ్లకి. అయినా అక్కడ ఆస్నర్ కనబడ్డాడా, బానిస్టర్ కనబడ్డాడా? పనిముట్టు విరగలేదన్నమాట.

మామయ్య నవ్వి నా వీపు మీద చరిచాడు. వాదనలో ఓడినప్పుడు ఆయన చేసే పని అది. కానీ వెంటనే ఇంకో మాట తీశాడు, అది నాకు కష్టమైంది.

మామయ్య: సరే, ఆ మాట నీదే. మరి ఇది విను. 2001 సెప్టెంబరు 11 దాడుల మీద ప్రభుత్వం చెప్పింది నిజం కాదని తిరిగినవాళ్ల పక్కన నిలబడ్డాడు మీ ఆస్నర్. కూలిపోయిన మూడో భవనాన్ని ఎవరో పేల్చేశారనే ఒక వీడియోకి గొంతిచ్చాడు. ఇంజినీర్లు ఏళ్ల తరబడి పరిశీలించి, మంటల వల్లే కూలిందని తేల్చిన భవనం అది. ఎల్ సాల్వడార్ గురించి నిజం చెప్పిన గొంతే ఇదీ చెప్పింది. వినేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? నటుడి గొంతులో నమ్మించే శక్తి ఉంటుంది, అది నీకు తెలిసినంత నాకు తెలియదు. నాకు భయం అక్కడే. డెస్కులో మేం ఒక వాక్యానికి రెండుచోట్ల నిర్ధారణ అడిగేవాళ్లం. ఆ గొంతుని ఎవరు అడుగుతారు?

నేను: అక్కడ ఆయన తప్పే. నేను వెనకేసుకురాను. మంచి మనసుతోనే చేసుంటాడు, అయినా తప్పే. నాకు ఎక్కువ బాధగా ఉన్నది కూడా అదే. ప్రభుత్వం ఎల్ మొసోతే గురించి ఒకసారి అబద్ధం చెప్పింది కాబట్టి, అది చెప్పేవన్నీ అబద్ధాలే అనుకునే చోటికి వెళ్లిపోయాడేమో అనిపిస్తుంది. అది నా ఊహ.

మామయ్య: ఊహ అని చెప్పావు, సంతోషం.

నేను: కానీ దాని వల్ల 1982లో ఇచ్చిన జవాబు చెడిపోదు. ఏ మాటకి ఆ మాటే తూచాలి.

మామయ్య: రీగన్ కూడా నటుడే, గిల్డు అధ్యక్షుడే. ఆయన్నీ అలాగే తూచుతావా?

నేను: తూచుతాను. 1960లో రీగన్ అధ్యక్షుడిగా నటుల చేత సమ్మె చేయించాడు. ఆ తర్వాత తీసిన సినిమాలు టీవీలో వేసిన ప్రతిసారీ నటులకి కొంత డబ్బు రావడం, పింఛను, ఆరోగ్య పథకం, ఇవన్నీ ఆ సమ్మెలోంచే వచ్చాయి. గొప్ప పని. అదే రీగన్ 1981 ఆగస్టులో, దేశాధ్యక్షుడిగా, సమ్మె చేసిన పదకొండు వేలకు పైగా విమాన నియంత్రణ ఉద్యోగుల్ని తీసేశాడు. ఆస్నర్‌కి ఆయన మీద మంట అక్కడిది. రీగన్ మాట్లాడితే వైట్‌హౌస్ దాకా వెళ్లాడు, ఆస్నర్ మాట్లాడితే సీరియల్ పోయింది.

మామయ్య: ఆ పోలిక కుదరదు. రీగన్ వేషాలు మానుకుని, జనం ముందుకెళ్లి ఓటడిగాడు. మన రామారావు గారూ అంతే. తొమ్మిది నెలలు వ్యాను మీద ఊరూరూ తిరిగి గెలిచాడు. ఓటు అడిగినవాణ్ణి జనం ఓడించొచ్చు. ఆస్నర్‌ని ఓడించాలంటే జనానికి దారేది? టీవీ కట్టెయ్యడమే. వాళ్లు ఆ పనే చేశారు.

నేను: ఎవరు చెప్పారు ఓటడగలేదని? 1983లో గిల్డు సభ్యులు మళ్లీ ఎన్నుకున్నారు ఆయన్ని. 1985 దాకా ఉన్నాడు. అంత గొడవ జరిగాక, ఆ సీరియల్‌తో పని పోయిన తోటి నటులున్న యూనియనే వేసింది ఓటు.

మామయ్యకి ఇది తెలియదు. "మళ్లీ గెలిచాడా?" అని రెండుసార్లు అడిగాడు. ఎడిటర్ అలవాటు, రెండోసారి అడిగింది నిర్ధారణ కోసం.

నేను: ఆ తర్వాత పెద్ద సీరియల్ నిలబడలేదు, నిజమే. అప్పుడు గొంతు అమ్ముకున్నాడు, నాలాగే. కార్టూన్లలో స్పైడర్‌మ్యాన్ పత్రికాధిపతి జేమ్సన్, 'గార్గాయిల్స్'లో ముసలి హడ్సన్, ఇంకా బోలెడు. మొహం అవసరం లేని పని. 'అప్' 2009లో కాన్ ఉత్సవాన్ని ప్రారంభించిన సినిమా, అంతకుముందు ఏ యానిమేషన్ సినిమాకీ ఆ గౌరవం దక్కలేదు. కార్ల్ పాత్రకి 78 ఏళ్లు, ఆస్నర్‌కి 79. డబ్బింగ్ చెప్పేవాళ్లకి తెలుస్తుంది ఆ పని ఎంత కష్టమో. కోపిష్టి గొంతు పెట్టడం తేలిక. ఆ కోపం కింద ఏడుపు దాచి, ఏడుస్తున్నట్టు వినబడనివ్వకుండా పలకడం... నేను తలుపేసుకుని ఎన్నిసార్లు ప్రయత్నించానో.

మామయ్య: మరి చివరికి ఏమయ్యాడు?

నేను: 2021 ఆగస్టులో పోయాడు, 91 ఏళ్లకి. నటనకి ఏడు ఎమ్మీలు, మగ నటుల్లో ఆయనకొచ్చినన్ని ఇంకొకరికి రాలేదు. దానికన్నా నాకు ముఖ్యమైంది వేరే ఉంది. పోవడానికి తొమ్మిది నెలల ముందు, 2020 డిసెంబరులో, తన సొంత యూనియన్ ఆరోగ్య పథకం మీదే కోర్టుకెళ్లాడు. సినిమాలు తిరిగి వేస్తే వచ్చే డబ్బుని పెద్దవాళ్ల సంపాదన కింద లెక్కెయ్యబోమని, అర్హతకి 25,950 డాలర్లు సంపాదించాలని నిబంధన మార్చారు. కరోనా రోజుల్లో అరవై ఐదు దాటినవాళ్లకి షూటింగు ఎక్కడ దొరుకుతుంది? పిటిషన్‌లో మొదటి పేరు ఆస్నర్‌ది. అది రీగన్ 1960 సమ్మెలో సాధించిన పథకం మామయ్యా. రీగన్ తెచ్చినదాన్ని కాపాడ్డానికి ఆస్నర్ కోర్టుకెళ్లాడు. ఆయన దగ్గర డబ్బు లేక కాదు. పక్కనున్నవాళ్ల కోసం.

మామయ్య: "పక్కనున్నవాళ్లు" అన్నప్పుడల్లా నీ గొంతు మారుతోంది. ఇందాక మీ దగ్గరా ఇలాగే అడుగుతారన్నావు. ఏం జరిగింది?

నేను: కిందటి ఏడు ఒక సీరియల్‌కి గ్రూప్ డబ్బింగ్ చెప్పిన పిల్లలకి ఆరు నెలలుగా డబ్బులివ్వలేదు. నాకు మాత్రం ఇచ్చారు. మీటింగులో నన్ను లేపి, "నీకేమన్నా బాకీ ఉన్నామా అమ్మా?" అని అందరి ముందూ అడిగారు. నాకు లేదు, ఈ ఎనిమిది మందికి ఉన్నారు అన్నాను. తర్వాతి నాలుగు నెలలు నాకు ఫోను రాలేదు. నా వల్లే తమకీ పని తగ్గిందని ఆ ఎనిమిది మందిలో ఇద్దరు నాతో మాట్లాడ్డం మానేశారు.

మామయ్య: నాకెప్పుడూ చెప్పలేదేం?

నేను: నువ్వు అడగలేదు.

ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి, గూట్లోంచి పాత రాతపలక తీశాడు, డెస్కులో కాపీ రాసేటప్పుడు ఒళ్లో పెట్టుకునేది. దానికి తెల్లకాగితం బిగించి, కళ్లజోడు పెట్టుకుని, పెన్ను మూత తీశాడు.

"ఎనిమిది మందీ ఎవరెవరు, ఎన్ని ఎపిసోడ్లు, ఎవరికెంత? మెల్లగా చెప్పు. తేదీలు కూడా."